దగ్గులమారి కుడిపక్క

ఫిబ్రవరి 3

అక్కా,

ఆదివారం ఫోన్లో నేను ఊపిరి తీసుకోకుండా అంతసేపు చెబితే, "ఆ... ఊ..." అని విని, చివర్లో "సరే, బావకిస్తున్నా" అన్నావు. నీకు ఒక్క ముక్క వినపడలేదని అప్పుడు అర్థమైంది. చెవి మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోవు. అందుకే ఉత్తరం. ఇదైనా కళ్ళజోడు పెట్టుకుని చదువు.

సంగతేంటంటే, నాన్న నడిపిన ఇంజన్ని చేస్తున్నాను. అసలు దాంట్లో నలభై ఎనిమిదో వంతు. అంటే మొత్తం ఇంజను నా చేతికి జానెడు. వారమంతా ల్యాబులో ఊరందరికీ పళ్ళు కట్టడం, ఆదివారం ఈ రైళ్ళు కట్టడం, ఇదే కదా నా బతుకు. మీ మరదలు "పళ్ళయినా నయం, కూడు పెడతాయి" అంటుంది.

నాన్న ఇంజను మామూలుది కాదక్కా. అలాంటివి చేసినవే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. యార్డులో పెట్టెలు అటూ ఇటూ నెట్టడానికి డీజిల్‌వి చేసి చూశారు, నచ్చలేదు, తుక్కుకి పంపేశారు. ఒక్కటీ మిగల్లేదు. దొరికింది ఒకే ఫోటో, ఎడమపక్క నుంచి తీసింది. ఈ ఏడాది మా బొమ్మరైళ్ళ క్లబ్బు వాళ్ళు నా నమూనాకే అచ్చు తీయించి, దాంతో అందరికీ తలా ఒక ఇంజను పోయిస్తామన్నారు. ఏప్రిల్ ఆఖరుకి ఇచ్చెయ్యాలి. కాకపోతే మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నాడు, రివెట్లు లెక్కపెట్టకుండా ఏ ఇంజన్నీ ముట్టుకోడు. "కుడిపక్కకి ఆధారం చూపించు, లేదా ఎడమనే అద్దంలోలా తిప్పేసి పోయిస్తాం" అన్నాడు. ఒకసారి అచ్చు పోశాక అదే నిజమైపోతుంది. తర్వాత వచ్చేవాళ్ళు దాన్ని చూసే నేర్చుకుంటారు.

నువ్వు రోజూ నాన్నకి షెడ్డుకి అన్నం క్యారియర్ పట్టుకెళ్ళేదానివి కదా. ఎటునుంచి వెళ్ళేదానివి? కుడిపక్క ఏముండేది? తలుపులు, కడ్డీలు, మెట్లు, గీతలు, ఏది గుర్తుంటే అది రాయి. నాకు అడగడానికి ఇంకెవరున్నారు? నాకు ఊహ తెలిసేసరికి నాన్న లేడు. నీకు నాన్న ఉన్నాడు, నాకు ఫోటో ఉంది. ఆ ఫోటోలో కూడా ముందు ఆఫీసర్లే, నాన్నది కిటికీలో సగం మొహం.

బావకి నమస్కారాలు. ఆయన నవ్వుతాడని తెలుసు, నవ్వనీ.

తమ్ముడు

ఫిబ్రవరి 11

ఒరేయ్ రైళ్ళవాడా,

మీ బావ నవ్వలేదు. "నాకూ ఒకటి చెయ్యమను, కానీ తాళం చెవి తిప్పితే నడిచేది" అన్నారు. నువ్వే చూసుకో ఎవరు చిన్నపిల్లాడో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నలభై ఎనిమిదో వంతు అంటే ఏంటో నాకు తెలీదుగానీ, జానెడు అంటే తెలిసింది. అంత పెద్ద ఇంజన్ని జానెడు చేశావా! అసలు దానికో పేరుందని నీకు తెలుసా? షెడ్డులో అందరూ దాన్ని దగ్గులమారి అనేవాళ్ళు. స్టార్ట్ చెయ్యగానే ఒకటే దగ్గు. ఖళ్ళు ఖళ్ళున దగ్గి, కాసేపు ఆగి, ఇంక పోయింది అనుకునేలోపు మళ్ళీ అందుకునేది. నాన్న దాని పక్కన చెయ్యేసి నిమిరేవాడు. అమ్మని అలా నిమరగా నేను చూళ్ళేదు.

నేను వెళ్ళేది కుడిపక్క నుంచే. కుళాయి అటే ఉండేది, చేతులు కడుక్కోవడానికి. ఆ పక్కన పొడుగునా రేకు తలుపులు, గాలి పోవడానికి వాటికి చీలికలు. వెనకనుంచి రెండో తలుపుకి ఒక సొట్ట, పిండిలో బొటనవేలు దించినట్టు. ఎక్కే చోట రెండు కడ్డీలు, చేతులు పట్టీ పట్టీ రంగు పోయి మెరుస్తుండేవి. రంగేమో అడుగున ఎరుపు, పైన... ఆకుపచ్చ అందామంటే ఆకుపచ్చ కాదు, మురికి పట్టిన ఆకుపచ్చ.

ఇక మెట్లు. అవి ఎలా మర్చిపోతాను? అట్టడుగు మెట్టు నాది. దాని మీద కూర్చుంటే కాళ్ళు హాయిగా నేలకి ఆనేవి. నాన్న నా పైమెట్టు మీద కూర్చుని తినేవాడు. తింటూ ఏదో ఒకటి చెప్పి చేతులు తిప్పేవాడు, మెతుకులన్నీ నా నెత్తి మీద. ఇంటికెళ్ళాక అమ్మ జడ విప్పి "మీ నాన్న తిన్నాడా, నీ తలకి పెట్టాడా" అనేది.

ఇవన్నీ నీ పెద్దాయనకి చాలుతాయా? ఇంకా కావాలంటే ఇంకా గుర్తుచేసుకుంటాను. ఇది రాస్తుంటే భలేగా ఉందిరా.

అక్క

ఫిబ్రవరి 20

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని తిన్నగా విజిల్ మామయ్య దగ్గరికి వెళ్ళాను. గుర్తున్నాడా? నాన్న తర్వాత ఆ ఇంజను ఎక్కినాయన. ముందుపళ్ళ సందులోంచి ఈల వేసేవాడని ఆ పేరు. నేను కట్టిన పళ్ళ సెట్టు పెట్టుకున్నాక ఈల పోయింది, పేరు మాత్రం పోలేదు. ఆ కోపం ఇంకా నా మీదుంది. అయినా కూర్చోబెట్టి మాట్లాడాడు.

సొట్ట నిజమే! ఆయన కూడా రెండో తలుపే అన్నాడు. కడ్డీలు మెరవడం నిజమే. దగ్గు సంగతి ఎత్తగానే ఆయనే దగ్గి చూపించాడు, పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. సాక్షి దొరికాడు కాబట్టి పెద్దాయన కూడా తలుపూ సొట్టా ఒప్పుకున్నాడు. ఇంకో చిత్రం, కింది మెట్టు అడుగున రెండు కొక్కేలు వేలాడేవట, ఖాళీగా. ఎందుకో ఎవరికీ తెలీదు. మామయ్యావాళ్ళు వాటికి చేతిగుడ్డలు ఆరేసుకునేవాళ్ళట. ఎడమపక్క ఫోటోలో అలాంటివి లేవు. నమూనాకి ఆ కొక్కేలు కూడా పెట్టాను, వెంట్రుకంత తీగతో.

కానీ నీ మెట్టు దగ్గర ఆగిపోయాను. ఫోటోలో కింది మెట్టు పక్కనే ఒక ఆఫీసరు నిలబడి ఉన్నాడు. అది ఆయన మోకాలికి బాగా పైకి వస్తుంది. దాని మీద పిల్ల కూర్చుంటే కాళ్ళు గాల్లో ఊగుతాయి తప్ప నేలకి ఆనవు. మామయ్యని అడిగితే రెండే మెట్లు, రెండూ ఎత్తే అన్నాడు. "నేనే కడ్డీ పట్టుకుని ఎగిరేవాణ్ణి, పిల్ల ఎలా ఎక్కుతుంది" అన్నాడు.

చిన్నప్పుడు చూసినవి మనసులో మారిపోతుంటాయక్కా, అందరికీ అంతే. నువ్వు పక్కన ఏ బల్ల మీదో కూర్చుని ఉంటావు. అదేం పెద్ద విషయం కాదులే. మెట్లు రెండే పెట్టేస్తున్నాను. మిగతావన్నీ నువ్వు చెప్పినట్టే.

తమ్ముడు

మార్చి 1

తమ్ముడికి,

అదేం పెద్ద విషయం కాదని రాశావు. నీకు కాదు.

మెట్టు లేకపోతే నేను దాని మీద కూర్చోలేదు. నేను కూర్చోకపోతే నాన్న నా పైన కూర్చుని తినలేదు, మెతుకులు రాలలేదు, అమ్మ జడ విప్పలేదు. నా దగ్గర నాన్న అంటే ఉన్నదే ఆ మధ్యాహ్నాలు. నీకు లేడని నువ్వు అన్నప్పుడల్లా నాకేదో దండిగా ఉన్నట్టు లోపల సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు వాటిని కూడా తీసుకెళ్ళి ఏదో బల్ల మీద పెట్టావు. అక్కడ బల్ల ఉండేది కాదు.

మామయ్య, మన నాన్న పోయాక వచ్చినాయన. ఆయనకి సాక్ష్యం చెప్పే హక్కుంది, నాకు లేదు. సరే.

ఉత్తరంతో పాటు ఒక పార్సిల్ పంపుతున్నాను. ఏంటని అడక్కు. కళ్ళు పెట్టుకుని చూసుకో.

అక్క

మార్చి 10

అక్కా,

కోపం వచ్చిందని అక్షరాలు చూస్తేనే తెలిసింది, కాగితానికి అటుపక్క కూడా దిగిపోయాయి. ఫోన్ చేస్తే బావ తీసి "ఈ వారం నేను ఇంట్లో లేనట్టే అనుకో" అన్నాడు. నేను అలా రాయకుండా ఉండాల్సింది. నీ మనసు కష్టపెట్టాలని కాదు, ఆ పెద్దాయన కొలబద్దతో నన్ను కూడా కొలుస్తున్నాడు.

పార్సిల్ అందింది. అమ్మ కుట్టుమిషన్ మీద కప్పే గుడ్డ! కోపంలో కూడా నా ఇంజనుకి దుమ్ము పడకుండా చూశావంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. మీ మరదలు అది చూసి "అయ్యో, మరక" అని నానబెట్టబోయింది. నేనే వద్దన్నాను, అమ్మ చెయ్యి పడిన గుడ్డ, అలాగే ఉండనీ అని. ఇప్పుడు దగ్గులమారి మీద అదే కప్పి ఉంది. జానెడు ఇంజనుకి దుప్పటి మూడు మడతలు వచ్చింది.

తమ్ముడు

మార్చి 16

ఒరేయ్ మొద్దూ!

కప్పడానికి పంపుతానా? నా మిషన్ ఇక్కడ బోసిగా కూర్చుంది. నానబెట్టి ఉంటే నేను బస్సెక్కి వచ్చి మరీ తిట్టేదాన్ని. మరదలికి చెప్పు, ఆమెనేం అనడం లేదు, నిన్నే.

ఆ గుడ్డ నా గౌను. షెడ్డుకి వేసుకెళ్ళేది. అది నాకు పొట్టిదయ్యాక అమ్మ పైభాగం కత్తిరించి, నడుం కిందున్న ఘేరా మిషన్ మీదకి కుట్టింది. ఆ నల్లటి మరక ఇంజను గ్రీజు. ఎక్కుతూ దిగుతూ మెట్టు అంచుకి రోజూ అక్కడే రాసుకునేది. "ఆ మెట్టుకి నీ గౌను తప్ప దొరకలేదా" అని అమ్మ ఒకటే గొణుగుడు. ఎన్ని ఉతుకులు ఉతికినా వదల్లేదు. నీ పెద్దాయనకి సాక్ష్యం కావాలన్నాడుగా, చూపించు. గ్రీజు మరక కూడా మనసులో మారిపోతుందేమో అడుగు.

గౌను అంచు పాదాలకి జానెడు పైన ఉండేది. ఇంతకంటే నేను చెప్పలేను.

అక్క

మార్చి 25

అక్కా,

చెంపలు వేసుకున్నాను. దుప్పటి తీసేసి దీపం కింద పరిచాను. పంటి కొలతలు తీసే సాధనంతో కొలిచాను. నా పనిలో పన్ను వెంట్రుకంత ఎత్తున్నా నోరు ఒప్పుకోదు, అంత జాగ్రత్తగా కొలిచాను.

నేల నుంచి గౌను అంచు జానెడు. అంచు నుంచి మరక ఇంకో జానెడు పైన. రెండూ కలిపితే మెట్టు ఎక్కడుండాలో తేలుతుంది. అక్కా, నీ మీద ఒట్టు, తేలాలని ఎంత కోరుకున్నానో! కానీ ఆ లెక్కకి నీ మెట్టు, ఫ్యాక్టరీ మెట్టుకి మరీ దగ్గరగా, ఇంచుమించు దాని కడుపులో వస్తోంది. రెండింటి మధ్య పాదం కూడా సరిగా దూరదు. ఎవరైనా మెట్టు కింద అంత దగ్గరగా ఇంకో మెట్టు ఎందుకు పెడతారు? నమూనాకి పెట్టి చూశాను, మెట్టుకి గడ్డం మొలిచినట్టుంది.

ఇంకోటి కూడా అర్థం కాలేదు. మరక గౌను ముందువైపు లేదు, కుడిపక్క కుట్టు మీద ఉంది. పక్కకి తిరిగి ఎక్కేదానివా? ఎందుకు?

మెట్టు అబద్ధమని నేను అనడం లేదు. కానీ ఈ కొలతతో పెద్దాయన ముందు నిలబడలేను. వచ్చే నెల ఆఖరుకి అచ్చుకి వెళ్ళిపోతుంది. ఏం చెయ్యనో నువ్వే చెప్పు.

తమ్ముడు

ఏప్రిల్ 1

పళ్ళు కట్టేవాడా,

ఇన్నేళ్ళు కుట్టుపని చేసిన అక్కకి తమ్ముడివై ఉండి, అంచు నుంచి కొలుస్తావురా? పెరిగే పిల్ల గౌనుకి అంచు నిలకడగా ఉంటుందా?

అమ్మ కుట్టేటప్పుడే లోపలికి వెడల్పుగా మడిచి ఉంచేది. నేను పొడుగైనకొద్దీ మడత విప్పి దించేది. అందుకే గౌను ఎప్పుడు చూసినా పాదాలకి జానెడు పైనే. ఆ గుడ్డని వెలుతురుకి ఎదురుగా పట్టుకో. ఇప్పుడున్న అంచుకి పైన ఒక గీత కనిపిస్తుంది, దానికి పైన ఇంకోటి, రంగు వెలిసి, కుట్టు పోయిన చిల్లులతో. అవి పాత అంచులు. మరక పడిన రోజుల్లో అన్నిటికన్నా పై గీతే నా అంచు. అక్కణ్ణుంచి కొలువు.

మీ బావ ఇది విని, "రైల్వేవాళ్ళు నిన్ను పెట్టుకుని ఉంటే ఇంజన్లకి కూడా మడతలు పెట్టించేదానివి" అన్నారు. భోజనం ఆలస్యంగా పెట్టాను.

పక్కకి తిరిగి ఎక్కానా? ఏమోరా. ఆలోచించాలి.

అక్క

ఏప్రిల్ 9

అక్కా, అక్కా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు. పై గీత నుంచి కొలిచాను. మరక కిందికి దిగిపోయింది. మెట్టు కూడా దిగింది. ఎక్కడికో తెలుసా? నేలకీ, ఫ్యాక్టరీవాళ్ళ కింది మెట్టుకీ నడిమధ్యకి. నేను మళ్ళీ కొలిచాను, మీ మరదలి చేత కొలిపించాను. నడిమధ్యకే.

నమూనా పక్కన ఒక మనిషి బొమ్మ పెట్టి చూశాను. కడ్డీ పట్టుకుని ఎగిరే పెద్ద మనిషికి అక్కడ మెట్టు అవసరమే లేదు, పైగా కాలికి అడ్డం. అంత కింద, అంత సరిగ్గా సగానికి మెట్టు పెట్టింది పిల్ల కాలు కోసం తప్ప ఇంకెవరికోసమూ కాదు. అప్పుడు గుర్తొచ్చాయి, ఆ కొక్కేలు! అవి ఊరికే లేవక్కా. నీ మెట్టు వాటికి వేలాడేది. తగిలించుకోవచ్చు, తీసెయ్యచ్చు. ఇంజను కదిలేటప్పుడు నాన్న తీసి లోపల పెట్టుకుని ఉంటాడు. నాన్న పోయాక మెట్టు ఎక్కడో పడిపోయింది, కొక్కేలు మిగిలాయి. మామయ్యావాళ్ళు వాటికి గుడ్డలు ఆరేసుకున్నారు. ఆయన చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే. బల్ల అన్నది మాత్రం నేను.

పెద్దాయన దగ్గరికి గౌను గుడ్డ పట్టుకెళ్ళాను. భూతద్దం పెట్టి మరక చూశాడు, గీతలు చూశాడు, కొక్కేలు చూశాడు. తర్వాత "దీన్ని అచ్చులో కలపొద్దు, విడిగా పోయిద్దాం, ఒక్కో పెట్టెలో ఒక్కోటి వేద్దాం. తగిలించుకునేవాళ్ళు తగిలించుకుంటారు" అన్నాడు. పెట్టెలో వేసే కాగితం మీద దానికి పేరు కూడా ఆయనే రాశాడు, పిల్ల మెట్టు అని.

ఒకటి చెప్పనా? సంతోషంతో పాటు ఈర్ష్య కూడా ఉంది. నీ కోసం నాన్న ఒక మెట్టు చేశాడు. నా కోసం చెయ్యడానికి ఆయనకి టైం లేకపోయింది. ఈ వయసులో ఇదేం బుద్ధి అనుకోకు. నాకు నాన్న గొంతు కూడా తెలీదు. ఆ ఇంజన్ని కూడా నేను ఒక్క ఫోటోలో, అద్దంలో ఎడమా కుడీ తిప్పుకుని చూసుకున్నవాణ్ణే.

అచ్చు తీసుకోవడం అయింది కాబట్టి, నా చేత్తో చేసిన మొదటి దగ్గులమారి నీకే పంపుతున్నాను. మెట్టు విడిగా పత్తిలో చుట్టాను, వేలిగోటి ముక్కంత ఉంటుంది, జాగ్రత్త. గౌను గుడ్డ కూడా పంపుతున్నాను, మిషన్ మీద కప్పెయ్యి.

తమ్ముడు

ఏప్రిల్ 17

నాన్నా,

ఇంజను వచ్చింది. మెట్టు రాగానే పోయింది. పత్తి విప్పుతుంటే ఎగిరి ఎక్కడో పడింది. మీ బావ టార్చిలైటు పట్టుకుని మోకాళ్ళ మీద ఇల్లంతా పాకారు. చివరికి ఆయన చొక్కా జేబులోనే దొరికింది. నేనే తగిలించాను, సూదిలో దారం ఎక్కించే చెయ్యి కదా, ఒక్కసారికే కొక్కేల్లో కూర్చుంది.

కూర్చోగానే అన్నీ గుర్తొచ్చాయి. నువ్వు అడిగావు చూడు, పక్కకి తిరిగి ఎందుకు ఎక్కేదానివని. ఎడమచంకలో నువ్వున్నావురా.

నువ్వు పుట్టక ముందు ఆ మెట్టు లేదు. క్యారియర్ ముందు పైన పెట్టేసి, రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని కోతిలా ఎక్కేసేదాన్ని. నువ్వు పుట్టాక అమ్మ మిషన్ దగ్గర, నువ్వు నా చంకలో. ఒక్క క్షణం దిగేవాడివి కాదు. ఒక చేతిలో నువ్వు, ఒక చేతిలో క్యారియర్. క్యారియర్ పైన పెట్టినా, ఒంటి చేత్తో కడ్డీ పట్టుకుని అంత ఎత్తు ఎలా ఎగరను? ఒకరోజు కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాను. నాన్న దిగి వచ్చి మనిద్దర్నీ పైకి అందుకున్నాడు. మర్నాటికి మెట్టు వేలాడుతోంది. నువ్వు ఎడమన ఉంటే కుడిపక్క ముందుకి పెట్టి ఎక్కాలి కదా, అందుకే మరక అక్కడ. అది నా కోసం చేసిన మెట్టు కాదు. నిన్ను ఎత్తుకున్న నా కోసం చేసింది.

ఇన్ని ఉత్తరాల్లో ఈ మాట ఎందుకు రాయలేదంటావేమో. నేను వెళ్ళానంటే నువ్వూ వచ్చావనే కదా. విడిగా చెప్పాలని తోచలేదు. నీకు తెలుసనే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

నువ్వు ఆ ఇంజన్ని చూళ్ళేదని ఎవరన్నారు? నాన్న స్టార్ట్ చేస్తే అది దగ్గేది, అది దగ్గితే నువ్వు కిలకిలా నవ్వేవాడివి. నువ్వు నవ్వుతున్నావని నాన్న ఆపి మళ్ళీ స్టార్ట్ చేసేవాడు. షెడ్డు వాళ్ళు "డీజిల్ మీ ఇంటిదా" అని అరిచేవాళ్ళు. నాన్న వినిపించుకునేవాడు కాదు.

మెతుకులు నా నెత్తి మీద పడేవని రాశాను. సగం నీ మీద పడేవి. అవి ఏరి నీ నోట్లో పెట్టేదాన్ని. అప్పటికి నీకు రెండే పళ్ళు.

నిన్ను చంక దించని
అక్క